తూరు నగరం అస్సీరియాకు ఓడలిచ్చింది, మళ్ళీ అదే అస్సీరియాను ఎదిరించింది. ఆ పొత్తు అసలు ఎలా నడిచింది?

అంతర్వేది ఫిట్టర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర. కార్గో షిప్పుల్లో ఫిట్టర్‌గా చేస్తాను, ఇప్పుడు సెలవు మీద ఇంట్లో ఉన్నాను. కొన్నేళ్ళ కిందట మా షిప్పు లెబనాన్‌లో ఆగినప్పుడు షోర్ లీవ్ దొరికితే దక్షిణాన ఉన్న సూర్ అనే ఊరు చూసొచ్చాను. బైబిల్లో చెప్పే తూరు పట్నం అదే. ఒకప్పుడు ఒడ్డుకు అర మైలు దూరంలో సముద్రం మధ్య ఉన్న ద్వీపం. అలెగ్జాండర్ దాన్ని పట్టుకోవడానికి రాళ్ళూ కలపా పోయించి కట్ట వేయించాడు. ఆ కట్టకు రెండు పక్కలా ఇసుక మేట వేసి ఊరు ఇప్పుడు ఒడ్డుతో కలిసిపోయింది.

ఇంటికొచ్చాక ఆ ఊరి గురించి చదువుతున్నాను. ఒకచోట తూరు రాజు అస్సీరియా చక్రవర్తితో ఒప్పందం చేసుకున్నాడని ఉంది. ఇంకోచోట అదే రాజు మీద అదే చక్రవర్తి ముట్టడి వేశాడని ఉంది. రెండింటికీ మధ్య అయిదారేళ్ళే తేడా! అది వ్యాపారం చేసుకునే ఊరు, పెద్ద సైన్యం కూడా లేదు. అలాంటి ఊరు పక్కనున్న సామ్రాజ్యంతో చేతులు కలిపితే ఎవరికి ఏం ముట్టింది? మళ్ళీ ఎందుకు తెగింది? తర్వాత పర్షియా వాళ్ళతో కూడా వీళ్ళు కలిసి యుద్ధాలకు వెళ్ళారట. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. తేదీలు తగ్గినా పర్వాలేదు, సంగతి ఎలా నడిచిందో తెలియాలి.

రాజమండ్రి శ్రీను

అది పొత్తు కాదు బ్రదర్. పెద్దవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే చిన్నవాడు కప్పం కట్టాడు, అంతే. అస్సీరియా రాజుల శాసనాల్లో తూరు, అదే తీరంలోని సీదోను, బిబ్లోస్, అర్వదు ఊళ్ళ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి: వెండి, బంగారం, రంగు బట్టలు, దేవదారు దుంగలు తెచ్చి ఇచ్చారని. బలం ఉన్నప్పుడు ఎదిరించారు, లేనప్పుడు కట్టారు. ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు.

తాళ్ళరేవు టీచర్

శ్రీను గారు చెప్పింది కప్పం వరకు నిజమే. కానీ అక్కడ ఆగిపోతే తమ్ముడు అడిగిన ప్రశ్నకు జవాబు రాదు. కప్పం కట్టిన ఊళ్ళు వందలున్నాయి. వాటిలో చాలావాటిని అస్సీరియా నేలమట్టం చేసింది, జనాన్ని తరలించుకుపోయింది. తూరును మాత్రం అలా చేయలేదు. ఎందుకు చేయలేదన్నదే అసలు సంగతి.

నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారు తాళ్ళరేవులో ఓడలు కట్టే వడ్రంగి మేస్త్రి. ఓడ కట్టడం అంటే ఏమిటో ఇంట్లో చూసినదాన్ని కాబట్టి నేను కలప దగ్గర మొదలుపెడతాను. ఓడ పక్కటెముకలకు వంకర తిరిగిన తుమ్మ మాను కావాలి, పలకలకు టేకు కావాలి, స్తంభానికి నిలువుగా ఎదిగిన చెట్టు కావాలి. ఒక్కటి దొరక్కపోయినా పని ఆగిపోతుంది. యెహెజ్కేలు గ్రంథం 27వ అధ్యాయంలో తూరును ఒక ఓడగా వర్ణించిన చోట ఈ లెక్కంతా ఉంది: స్తంభానికి లెబనోను దేవదారు, తెడ్లకు బాషాను సింధూరం, తెడ్లు వేసేవాళ్ళు సీదోను, అర్వదు మనుషులు, సందులు పూడ్చి నీరు కారకుండా చేసే పనివాళ్ళు గెబలు నుంచి, అంటే బిబ్లోస్ నుంచి. మా ఇంట్లో నాన్నగారికి ఆ అధ్యాయం చదివి వినిపిస్తే ఆయన పని పక్కన పెట్టి వినేవారు.

ఇప్పుడు అస్సీరియా సంగతి చూడండి. టైగ్రిస్ ఒడ్డున పుట్టిన రాజ్యం. గుర్రాలు, రథాలు, విల్లు, గోడలు పగలగొట్టే యంత్రాలు, అన్నీ ఉన్నాయి. సముద్రం మీద నడవడం మాత్రం రాదు. క్రీ.పూ. 694లో సన్హెరీబు రాజుకు పర్షియన్ గల్ఫ్ దాటి ఏలాము రాజ్యం మీదకు పోవాల్సి వచ్చింది. నీనెవెలో ఓడలు కట్టించాడు. కట్టినవాళ్ళు మధ్యధరా తీరం నుంచి తెచ్చిన పనివాళ్ళు, నడిపినవాళ్ళు తూరు, సీదోను నావికులు, కొంతమంది గ్రీకులు. ఓడలను టైగ్రిస్ మీద కొంతదూరం దింపి, అక్కడి నుంచి నేల మీద దుంగలపై దొర్లించి యూఫ్రటీసు వైపు కాలువలోకి చేర్చారు. సముద్రం దగ్గర రాజు గుడారం వేసుకుంటే పోటు వచ్చి నీళ్ళు గుడారంలోకి చొరబడ్డాయి. అయిదు పగళ్ళు, అయిదు రాత్రులు తన మనుషులంతా ఓడల్లో ముడుచుకుని కూర్చున్నారని ఆయనే శాసనంలో రాయించుకున్నాడు. మన మొగల దగ్గర పెరిగిన ఏ పిల్లాడైనా పోటు వేళ చూసుకునే గుడారం వేస్తాడు. ప్రపంచంలోకెల్లా పెద్ద సైన్యం ఉన్న రాజుకు అది తెలియదు. తూరు వాళ్ళ విలువ ఎక్కడుందో ఇక్కడ కనిపిస్తుంది.

దీనికంటే ముందు, క్రీ.పూ. 8వ శతాబ్దంలో మూడవ తిగ్లత్-పిలేసరు కాలంలో కుర్ది-అషూర్-లామూర్ అనే అధికారి రాజుకు రాసిన ఉత్తరం దొరికింది. తూరు వాళ్ళు రేవుల్లో స్వేచ్ఛగా అమ్ముకుంటున్నారు, కొనుక్కుంటున్నారు, లెబనోను కొండ ఎక్కి కలప కొట్టుకుని దింపుకుంటున్నారు, నేను సుంకం తీసుకుంటున్నాను అని రాశాడు. సీదోను వాళ్ళు సుంకం అధికారిని తరిమేస్తే కొండ మీదకు సైనికులను పంపానని కూడా రాశాడు. ఆ ఉత్తరంలో ఒక షరతు ఉంది: కలప కొట్టుకోండి కానీ ఈజిప్టు వాళ్ళకు, ఫిలిష్తీయులకు అమ్మవద్దు. ఈ షరతును గుర్తు పెట్టుకోండి, తర్వాత జరిగిన గొడవ ఇందులోనే ఉంది.

ఇక తమ్ముడు అడిగిన ఒప్పందం. సన్హెరీబు కొడుకు ఎసర్హద్దోను. సీదోను రాజు అబ్ది-మిల్కూతి తిరగబడితే క్రీ.పూ. 677లో ఆ ఊరిని పడగొట్టి, సముద్రం మీదకు పారిపోయిన రాజును చేపను పట్టినట్టు పట్టానని చెప్పుకున్నాడు. మరుసటి ఏడు అతని తల తీశారు. ఆ దగ్గరలోనే, 676 ప్రాంతంలో, తూరు రాజు బాల్‌తో ఒప్పందం జరిగింది. సీదోనుకు చెందిన రెండు ఊళ్ళు, అందులో ఒకటి సారెపతు, తీసి బాల్‌కు ఇచ్చారు. పక్కింటివాడి పొలం ఇచ్చి స్నేహం కలుపుకోవడం ఇది. సీదోను జనానికి ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒప్పందం మట్టిపలక మీద రాసి ఉంది. ముక్కలుగా దొరికింది, చాలాచోట్ల చెడిపోయింది. మిగిలిన భాగంలో ఉన్నవి చెబుతాను. అక్కో, దోరు, ఫిలిష్తీయుల తీరమంతా, బిబ్లోస్, లెబనోను కొండల్లోని ఊళ్ళు, ఇన్నిచోట్ల బాల్ మనుషులు వ్యాపారం చేసుకోవచ్చు. బదులుగా అస్సీరియా ప్రతినిధి ఒకడు తూరులో కూర్చుంటాడు. చక్రవర్తి దగ్గర్నుంచి ఉత్తరం వస్తే ఆ ప్రతినిధి లేకుండా బాల్ విప్పకూడదు, అతను ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా ఆగాలి. తూరు ఓడ ఏదైనా ఫిలిష్తీయుల తీరంలోనో అస్సీరియా సరిహద్దులోనో పగిలిపోతే అందులోని సరుకంతా ఎసర్హద్దోనుది. ఓడలోని మనుషులకు మాత్రం ఎవరూ హాని చేయకూడదు.

చివర శాపాలు. మాట తప్పితే బాల్-షమేమ్, బాల్-మలగె, బాల్-సఫోన్ దేవతలు మీ ఓడల మీదకు చెడ్డ గాలి రేపుతారు, కట్టుతాళ్ళు విప్పేస్తారు, ఓడ కట్టే గుంజ పీకేస్తారు, పెద్ద అల వచ్చి ఓడలను ముంచేస్తుంది అని. అస్సీరియా వాళ్ళు రాయించిన పలక మీద తూరు దేవతలు కూర్చుని, తూరు వాడికి దేనికి గుండె ఆగుతుందో ఆ భాషలోనే బెదిరిస్తున్నారు. నాకు ఆ పలకలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

అంతర్వేది ఫిట్టర్

టీచర్ గారూ, చాలా థ్యాంక్స్ అండి. ఓడ పగిలితే మనుషులకు హాని చేయకూడదన్న ముక్క చదివి కాసేపు అలాగే కూర్చున్నాను. సముద్రం మీద పని చేసేవాడికి అది చిన్న విషయం కాదు. కానీ ఇంత చక్కగా రాసుకున్నాక అయిదేళ్ళకే ఎందుకు చెడిందండి? ద్వీపం కదా, లోపల కూర్చుంటే ఎవరేం చేస్తారనే ధైర్యమా?

తాళ్ళరేవు టీచర్

ధైర్యం కొంత ఉంది బాబూ, కానీ లెక్క ఎక్కువ. ఇందాక గుర్తు పెట్టుకోమన్న షరతు చూడు. ఈజిప్టుకు కలప అమ్మకూడదు! ఈజిప్టు ఈ తీరానికి వందల ఏళ్ళ నాటి ఖాతాదారు. ఆ దేశంలో పొడుగు మాను దొరకదు. అలాంటి గిరాకీని పక్కనపెట్టి, తన ఉత్తరం తాను విప్పుకునే హక్కు కూడా లేకుండా ఎంతకాలం ఉంటారు? పైగా క్రీ.పూ. 674లో ఎసర్హద్దోను సైన్యం ఈజిప్టు మీదకు వెళ్ళి ఓడిపోయి తిరిగొచ్చింది. అప్పుడు ఈజిప్టును ఏలుతున్నది దానికి దక్షిణాన ఉన్న కూషు దేశపు రాజు తిర్హాకా. అస్సీరియా ఓడిపోగలదని తీరంలో అందరూ చూశారు. బాల్ తిర్హాకా వైపు తిరిగాడు. ఓటమి వార్త చేరడం, గాలి మారిందని వ్యాపారులు అనుకోవడం ఒకదాని వెంట ఒకటి జరిగాయని నా అభిప్రాయం.

671లో ఎసర్హద్దోను మళ్ళీ వచ్చాడు. దారిలో తూరుకు ఎదురుగా ఒడ్డున మట్టికట్టలు వేయించి, వాళ్ళ ప్రాణం నిలిపే తిండీ నీళ్ళూ ఆపించాడు. ఆ రెండు మాటలూ ఆయన శాసనంలోనివే. తర్వాత ఈజిప్టులోకి వెళ్ళి మెంఫిస్ పట్టుకున్నాడు.

నీళ్ళ మాట దగ్గర ఆగాలి. తూరు ద్వీపానికి తాగునీరు ఎదురుగా ఒడ్డున ఉన్న ఉషు అనే ఊరి నుంచి రావాలి. ఈ బాధ చాలా పాతది. క్రీ.పూ. 14వ శతాబ్దంలో తూరు పాలకుడు అబి-మిల్కు ఈజిప్టు ఫరోకు రాసిన ఉత్తరాలు ఆ దేశంలోని అమర్నాలో దొరికాయి. సీదోను వాడు ఉషును ఆక్రమించాడు, మాకు నీళ్ళు లేవు, కట్టెలు లేవు, చనిపోయినవాళ్ళను పూడ్చడానికి చోటు లేదు అని మొరపెట్టుకున్నాడు. 13వ శతాబ్దపు ఈజిప్టు రాత ఒకటి తూరు గురించి చెబుతూ, అక్కడికి నీళ్ళు పడవల్లో వెళ్తాయి, ఇసుక కంటే చేపలు ఎక్కువ అంటుంది. వేసవిలో మన సముద్రం పక్క ఊళ్ళలో చుట్టూ నీళ్ళుండి బావిలో ఉప్పునీళ్ళు ఊరుతుంటే తాగునీటి పడవ కోసం ఎదురుచూసే ఆడవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. గోడలెంత ఎత్తున్నా తూరు మెడ ఒడ్డు మీదే ఉంది.

అలాగని ఊరు పడిపోలేదు. ఒడ్డు మీది ఊళ్ళు పోయాయి, ద్వీపం నిలిచింది. 667లో ఎసర్హద్దోను కొడుకు అషూర్‌బనిపాల్ ఈజిప్టు మీదకు వెళ్ళినప్పుడు తమ సైన్యాలతో, ఓడలతో వెంట నడిచిన 22 మంది రాజుల జాబితా ఒకటుంది. అందులో మొదటి పేర్లలోనే బాల్ ఉన్నాడు! అంటే మళ్ళీ కలిశారు. కొన్నేళ్ళకు మళ్ళీ చెడింది. అషూర్‌బనిపాల్ ఒడ్డునా సముద్రంలోనూ దారులు మూసి, తిండి దొరక్కుండా చేశాడు. బాల్ తన కూతురినీ, అన్నదమ్ముల కూతుళ్ళనూ పంపాడు. అంతవరకు సముద్రం దాటని తన కొడుకు యాహిమిల్కిని కూడా పంపాడు. చక్రవర్తి కొడుకును తిరిగి ఇచ్చేశాడు. ఆడపిల్లలను ఇవ్వలేదు. ఆ పిల్లల పేర్లు కూడా శాసనంలో లేవు.

అదే కాలంలో అర్వదు రాజు గురించి ఒక అస్సీరియా ఉద్యోగి రాసిన ఫిర్యాదు ఉంది. అర్వదు కూడా ద్వీపమే. ఇతను ఓడలను చక్రవర్తి రేవుకు రానివ్వడం లేదు, సరుకంతా తన రేవుకే తిప్పుకుంటున్నాడు, తన దగ్గరికి వచ్చినవాళ్ళను పోనిస్తాడు, మన రేవులో ఆగినవాళ్ళను చంపి ఓడ తీసుకుంటాడు అని. కప్పం కట్టే చిన్న రాజు చేసే పని ఇది. రేవు ఎవరి చేతిలో ఉంటే సుంకం వాళ్ళది. తగువు అంతా దాని మీదే.

పిఠాపురం వాసు

ఇది చదువుతుంటే మా పక్కనున్న చందుర్తి యుద్ధం గుర్తొచ్చింది మేడమ్. 1758 డిసెంబరులో విజయనగరం ఆనంద గజపతి రాజు ఇంగ్లీషు వాళ్ళను పిలిపించుకుని కల్నల్ ఫోర్డ్‌తో కలిసి ఫ్రెంచి వాళ్ళను ఓడించాడు. ఆయనకంటే ముందున్న విజయరామరాజు ఫ్రెంచి బుస్సీతో కలిసి 1757లో బొబ్బిలి మీదకు వెళ్ళాడు. రెండేళ్ళు తిరగకుండానే జెండా మారింది. తర్వాత అదే విజయనగరం సంస్థానం 1794లో పేష్కష్, అంటే కప్పం, గొడవ మీద కంపెనీతో పద్మనాభం దగ్గర యుద్ధం చేసింది, రాజు అక్కడే చనిపోయాడు. తూరు కథ కూడా ఇదే కదా?

తాళ్ళరేవు టీచర్

వాసు గారూ, మంచి ఉదాహరణ తెచ్చారు. జెండా మార్చడం వరకు పోలిక సరిపోతుంది. కానీ చందుర్తి దగ్గర గజపతి రాజు ఇచ్చినవి డబ్బు, మనుషులు, దారి. ఆ మూడూ ఇంగ్లీషు వాళ్ళు ఇంకో జమీందారు దగ్గర కూడా తెచ్చుకోగలరు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట చేతికొచ్చాక వాళ్ళకు ఆ రాజు అవసరం బాగా తగ్గిపోయింది. ఇంగ్లీషు వాళ్ళకు ఓడలు సొంతంగానే ఉన్నాయి. తూరు దగ్గర అది తలకిందులు. సైన్యం చక్రవర్తిది, సముద్రం తూరుది. అందుకే పద్మనాభం లాంటి చోట తూరు కథ ముగిసిపోలేదు. అస్సీరియా పోయాక బబులోను నెబుకద్నెజరు 13 ఏళ్ళు చుట్టూ కూర్చున్నాడు. చివరికి తూరు బబులోను ఏలుబడిని ఒప్పుకుంది, ఊరు మాత్రం నిలిచింది.

యానాం లాయరు

పర్షియా సంగతి నేను చెబుతాను, టీచర్ గారు తప్పులుంటే దిద్దాలి. క్రీ.పూ. 480లో పర్షియా చక్రవర్తి జెర్క్సెస్ గ్రీసు మీదకు వెళ్ళినప్పుడు మొత్తం 1207 యుద్ధనౌకలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ లెక్క. అందులో 300 ఫీనీషియన్లు (తూరు, సీదోను లాంటి ఈ తీరపు ఊళ్ళవాళ్ళు), పాలస్తీనా సిరియన్లు కలిసి ఇచ్చినవి. అన్ని జాతుల్లో ఎక్కువ సంఖ్య వీళ్ళదే. దారిలో అబిదోస్ దగ్గర పడవ పందెం పెడితే సీదోను వాళ్ళు గెలిచారు. ఆథోస్ దగ్గర కాలువ తవ్వినప్పుడు మిగతా జాతులు గట్లను నిలువుగా కోస్తే అవి కూలిపోయాయి. ఫీనీషియన్లు మాత్రం పైన వెడల్పుగా మొదలుపెట్టి కిందికి సన్నం చేస్తూ తవ్వారు. మన కాలువ గట్లు తెలిసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. సభలో రాజు పక్కన మొదట సీదోను రాజు, తర్వాత తూరు రాజు కూర్చునేవారు. ఇంత గౌరవం. కానీ సలామిస్ నౌకాయుద్ధంలో గ్రీకుల చేతిలో ఓడిపోతున్నప్పుడు కొందరు ఫీనీషియన్లు రాజు దగ్గరకు వెళ్ళి పర్షియా పక్షాన ఉన్న అయోనియా గ్రీకులు ద్రోహం చేశారని చెబితే, సరిగ్గా అప్పుడే ఒక అయోనియా వైపు ఓడ బాగా పోరాడడం కళ్ళారా చూసిన జెర్క్సెస్ ఆ ఫీనీషియన్ల తలలు తీయించాడు. పక్కన కుర్చీ వేసినా చివరికి తలారి చక్రవర్తి చేతిలోనే ఉన్నాడు. దీన్ని బట్టి శ్రీను గారి మాటే నాకు సరిగా కనిపిస్తోంది.

తాళ్ళరేవు టీచర్

లాయరు గారూ, చెప్పినవన్నీ సరిగానే ఉన్నాయి. సలామిస్ దగ్గర చనిపోయిన ఆ నావికుల కోసం నాకూ మనసు మండుతుంది. ఆ తర్వాత మిగిలిన ఫీనీషియన్లు భయపడి రాత్రికి రాత్రి ఆసియా తీరానికి తిరిగిపోయారని ఇంకో గ్రీకు చరిత్రకారుడు డయడోరస్ రాశాడు. అంటే శిక్ష వేసిన రాజు ఆ నౌకాదళాన్ని అక్కడ నిలబెట్టుకోలేకపోయాడు.

దీనికి 45 ఏళ్ళ ముందు జరిగింది కూడా పక్కన పెట్టి చూడండి. క్రీ.పూ. 525లో పర్షియా చక్రవర్తి కాంబిసెస్ ఈజిప్టును జయించాడు. తర్వాత కార్తేజ్ మీదకు నౌకాదళాన్ని పంపాలనుకున్నాడు. కార్తేజ్ తూరు వాళ్ళు ఆఫ్రికా తీరంలో నిలబెట్టిన ఊరు. ఫీనీషియన్లు మేం రాము అన్నారు. మాకూ వాళ్ళకూ ప్రమాణాలున్నాయి, మా పిల్లల మీదకు మేమే యుద్ధానికి వెళ్ళడం ధర్మం కాదు అన్నారు. కాంబిసెస్‌కు క్రూరుడని పేరు. అలాంటివాడు ఏం చేశాడు? ఆ దండయాత్రనే మానేశాడు. కారణం హెరొడోటస్ చెప్పాడు: వాళ్ళు తమంతట తాము పర్షియా పక్షాన చేరినవాళ్ళు, నౌకాదళమంతా వాళ్ళ మీదే ఆధారపడి ఉంది. ప్రపంచంలో సగం తన కాళ్ళ కింద ఉన్న రాజుకు కొన్ని రేవు పట్టణాలు కాదని చెప్పి, తలలు నిలుపుకున్నాయి. నా దృష్టిలో ఈ పొత్తుల చరిత్ర మొత్తంలో ఇంతకు మించిన ఘట్టం లేదు. తలారి ఎవరి చేతిలో ఉన్నాడన్నది ఎంత నిజమో, ఎవరు లేకపోతే ఓడ కదలదన్నదీ అంతే నిజం. ఒక్కొక్క ఏడు ఒక్కొక్కటి పైచేయి అయింది.

పర్షియా బాగా చూసుకున్న కాలం కూడా ఉంది. సీదోను రాజు ఎష్మునాజర్ శవపేటిక మీద పెద్ద శాసనం ఉంది. తాను చేసిన గొప్ప పనులకు ప్రతిఫలంగా రాజాధిరాజు దోరు, యొప్పే ఊళ్ళనూ, షారోను మైదానంలోని ధాన్యం పండే భూములనూ సీదోనుకు శాశ్వతంగా ఇచ్చాడని అందులో రాయించుకున్నాడు. ఓడలు నడిపే ఊరికి అన్నం పండే నేల దొరకడం ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

అది చెడిన తీరు మాత్రం ఘోరం. ట్రిపోలిస్ అనే చోట తూరు, సీదోను, అర్వదు వాళ్ళ ఉమ్మడి సభ జరిగేది. అక్కడ సీదోను వాళ్ళ పేటలో పర్షియా అధికారులు పెత్తనం చేసి అవమానించారు. సీదోను తిరగబడింది. రాజుగారి ఉద్యానవనం చెట్లు నరికేశారు, గుర్రాలకు దాచిన మేత తగలబెట్టారు. క్రీ.పూ. 345 ప్రాంతంలో పర్షియా చక్రవర్తి మూడవ అర్తజెర్క్సెస్ స్వయంగా వచ్చాడు. సీదోను రాజు తెన్నెస్ తన ఊరినే అమ్మేశాడు. ముందు 100 మంది పెద్దలను అప్పగించాడు. తర్వాత శరణు కొమ్మలు పట్టుకుని వచ్చిన 500 మందిని బాణాలతో చంపారు. ఎవరూ పారిపోకూడదని సీదోను జనం అంతకుముందే తమ ఓడలను తామే కాల్చుకున్నారు. చివరికి ఇళ్ళలో తలుపులు వేసుకుని నిప్పు పెట్టుకున్నారు. 40,000 మందికి పైగా పోయారని డయడోరస్ చెప్పిన లెక్క. కాలిన ఊరిలో కరిగిన వెండి బంగారాల కోసం ఆ బూడిదను కూడా రాజు అమ్ముకున్నాడట. పని అయిపోయాక తెన్నెస్‌నూ చంపేశాడు.

దీని ఫలితం పదిహేనేళ్ళు తిరగకుండానే కనిపించింది. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ వచ్చినప్పుడు సీదోను పర్షియా మీది కసితో అతన్ని తానే పిలిచింది. బిబ్లోస్, అర్వదు కూడా లొంగాయి. ఆ ఊళ్ళ నౌకలు అప్పటికి ఏజియన్ సముద్రంలో పర్షియా సేనాని కింద ఉన్నాయి. తమ ఊళ్ళు అలెగ్జాండర్ వైపు వెళ్ళాయని తెలిసి సేనానిని వదిలేసి ఇంటికి తిరిగొచ్చాయి. అలా సుమారు 80 ఫీనీషియన్ నౌకలు అలెగ్జాండర్ వైపు చేరాయి, వాటి వెనుక సైప్రస్ నుంచి 120 వచ్చాయి. అప్పటిదాకా కట్ట వేస్తూ, తూరు వాళ్ళు వదిలిన నిప్పు ఓడకు బురుజులు తగలబడిపోతూ అవస్థ పడుతున్న అలెగ్జాండర్ అప్పుడు గానీ తూరు రేవులను మూయలేకపోయాడు. ఏడు నెలల ముట్టడి అది. తూరు పడడంలో కట్టకు ఎంత వాటా ఉందో సీదోను ఓడలకూ అంత వాటా ఉందని నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేదాన్ని.

రాజమండ్రి శ్రీను

కాంబిసెస్ సంగతి నాకు తెలియదు టీచర్ గారూ. ఒక ప్రశ్న. తూరు ఒక్కటే ఎందుకు అలెగ్జాండర్‌కు లొంగలేదు? మిగతా ఊళ్ళు లొంగాయి కదా.

తాళ్ళరేవు టీచర్

మొదట తూరు కూడా దూతలను పంపింది శ్రీను గారూ, మీరు చెప్పినట్టు నడుచుకుంటాం అన్నది. ద్వీపంలోని మెల్కార్త్ గుడిలో నేను బలి ఇస్తాను, లోపలికి రానివ్వండి అని అలెగ్జాండర్ అడిగాడు. గ్రీకులు ఆ దేవుణ్ణి హెరాక్లెస్ అనుకునేవాళ్ళు. మాసిడోనియా వాళ్ళనూ పర్షియా వాళ్ళనూ ఎవరినీ ఊళ్ళోకి రానివ్వం అని తూరు జవాబిచ్చింది. యుద్ధం ఎటు తేలుతుందో తెలియనప్పుడు ఇద్దరికీ సమదూరంలో ఉండాలని చూసింది. పైగా కార్తేజ్ సాయం వస్తుందని ఆశ ఉంది. కొంతమంది ఆడవాళ్ళనూ పిల్లలనూ అక్కడికి పంపించగలిగారు కూడా. కార్తేజ్ నుంచి సైన్యం రాలేదు. ఊరు పడ్డాక తూరు రాజు అజెమిల్కస్, పెద్దలు, యాత్రకు వచ్చిన కార్తేజ్ దూతలు మెల్కార్త్ గుడిలో తలదాచుకున్నారు. వాళ్ళను అలెగ్జాండర్ వదిలేశాడు. మిగిలినవాళ్ళలో వేలమందిని బానిసలుగా అమ్మేశారు.

అంతర్వేది ఫిట్టర్

ఆయ్, ఇప్పుడు లింకు దొరికిందండి. ఓడలు ఎటు తిరిగితే అటు తిరిగింది యుద్ధం. వచ్చే నెల మళ్ళీ జాయిన్ అవుతున్నాను, ఈసారి యూరప్ రూటు అంటున్నారు. ఆ పలకలు గానీ శాసనాలు గానీ చూడాలంటే ఎక్కడుంటాయండి?

తాళ్ళరేవు టీచర్

లండన్‌లో దిగితే బ్రిటిష్ మ్యూజియం. బాల్ ఒప్పందం పలక వాళ్ళ దగ్గరే ఉంది, కానీ ప్రదర్శనలో పెట్టారో లేదో ముందే కనుక్కుని వెళ్ళు. బలావత్ తలుపుల కంచు పట్టీలు కూడా అక్కడే ఉన్నాయి, అవి తప్పకుండా చూడు. అస్సీరియా రాజు మూడవ షల్మనేసెర్ కాలానివి, క్రీ.పూ. 9వ శతాబ్దం. ఒక పట్టీలో సముద్రం మధ్య గోడలున్న తూరు, అక్కడి నుంచి పడవల్లో సరుకు ఒడ్డుకు తెస్తున్న మనుషులు ఉంటారు. పారిస్ వెళ్ళే వీలుంటే లూవ్ర్‌లో ఎష్మునాజర్ శవపేటిక ఉంది, నల్లరాయి, 1855లో సీదోను దగ్గర దొరికింది. మూత మీద శాసనం మొత్తం కనిపిస్తుంది.

బలావత్ పట్టీ ఫోటో తీస్తే ఇక్కడ పెట్టు బాబూ. పడవ ముందుకొన, వెనుకకొన రెండూ పడేలా దగ్గరగా తీయి. పలకలు ఎలా కలిపారో మా తమ్ముడికి చూపించాలి, వాడు ఇంకా తాళ్ళరేవులో పని చేస్తున్నాడు.